ఎర్ర వేటగాడు

రిక్షా వచ్చి ఇంటిముందు ఆగి చాలాసేపైంది. టీవీ మాత్రం మిద్దె మీదినుంచి దిగలేదు.

అది దిగాలంటే సరోజన లేవాలి. ఆమె పై అర్ర గడప మీద, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. పొద్దుగాల్నుంచి తల దువ్వుకోలేదు. పొయ్యి దగ్గరికి పోలేదు.

"లెవ్," అన్నాడు వెంకట్రాజం.

"లేవ."

"మడికొండల అక్కకు చెప్పి పంపిన. టీవీ, ఆ ఆట డబ్బా రెండూ ఆల్లింటికి పోతయ్. నీతోని నాకు కొట్లాట వద్దు."

"కొట్లాట వద్దనే రిక్షా తెచ్చినవా?"

అతను దుకాణానికి పోవడానికి తొడుక్కున్న తెల్లచొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. పెళ్లయిన ఈ మూడేళ్లలో భార్య అతని మాటకు ఎదురు కూర్చోవడం ఇదే మొదలు.

కింద రిక్షా చుట్టూ అప్పుడే మనుషులు చేరారు. బేస్తవారం నుంచి మట్టెవాడలో ఆ సందంతా ఒకటే మాట. బట్టల దుకాణం వెంకట్రాజం ఇంట్లో, వానాకాలంలో కామెర్లతో చనిపోయిన తమ్ముడు సదానందం టీవీలో తిరుగుతున్నాడని.

ఆ మాట బయటికి పోయింది తల్లి లింగమ్మ నోటినుంచే. ఆరోజు పొద్దు వాలేవేళ కోడలికి చాయ్ పట్టుకుని పైకి వెళ్లింది. టీవీ ముందు చాపమీద సరోజన ఒక్కతే కూర్చుని, టీవీకి తగిలించిన ఆట డబ్బాలో 'వేట' అనే ఆట ఆడుతోంది. తెరమీద ఇద్దరు వేటగాళ్లు. నీలంవాడి హ్యాండిల్ సరోజన చేతిలో ఉంది. ఎర్రవాడి హ్యాండిల్ చాపమీద పడి ఉంది. అది సదానందంది. అతను పోయాక ఎర్రవాడు ఎప్పుడూ మొదలుపెట్టిన చోటే నిలబడి ఉండేవాడు. రాక్షసి జంతువు వచ్చి ముందు అతన్నే పడగొట్టేది. ఆ తర్వాత సరోజన ఒంటరిగా దానితో పోరాడి ఓడిపోయేది.

బేస్తవారం నాడు ఎర్రవాడు నడిచాడు. మెల్లగా, అడుగులో అడుగేసుకుంటూ నీలంవాడి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

లింగమ్మ చేతిలోని గ్లాసు జారిపోయింది. మెట్లమీదే కూలబడి కొడుకును పేరుపెట్టి పిలిచింది. పక్కిళ్ల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"వైర్ లూజై ఉంటది. హ్యాండిల్ మీద ఏదో ఒత్తుకొని ఉంటది," అన్నాడు వెంకట్రాజం, అప్పటినుంచి ఎందరికో చెప్పిన మాటే మళ్లీ. "గంతదానికి ఇల్లంత పరేషాన్ చేసిన్లు. దుకాణంకు గిరాకి వస్తె చీర సూస్తలేరు, నా ముఖం సూస్తాన్లు."

"మరి నువ్వు రానుండె గదా. లోపలికి వచ్చి నీ కండ్లతోని సూడనుండె."

"నాకెందుకు."

అతను ఆ అర్రలోకి అడుగుపెట్టడు. తమ్ముడు ఉన్నప్పుడూ పెట్టలేదు, పోయాకా పెట్టలేదు.

లింగమ్మ గోడ పట్టుకుని మెట్లు ఎక్కి వచ్చింది. పై మెట్టుకు ఒక మెట్టు కింద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"అవ్వా, నువ్వన్న చెప్పు నీ కోడలికి. సొమ్మసిల్లింది నువ్వే గదా. పూనకమొచ్చే శివసత్తి యాకమ్మను పిలిపియ్యమన్నది నువ్వే గదా."

లింగమ్మ కోడలివైపు చూసింది. కొడుకువైపు చూసింది. కింద రిక్షావాడు గంట కొట్టాడు.

"రిక్షాను పంపియ్యి రాజం."

"ఏందవ్వా?"

"డబ్బా ఏడికీ పోవద్దు."

వెంకట్రాజం గోడకు చేయి ఆనించుకున్నాడు. ఈ ఒక్క విషయంలో తల్లి తన పక్కనే ఉందనుకున్నాడు.

"అప్పుడు భయపడ్డ కొడుకా," అంది లింగమ్మ. "కన్నకొడుకును సూసి భయపడ్డ. రెండు దినాలనుంచి పండుకొని గదే ఆలోచన చేస్తాన్న. దవాఖానల నన్ను లోపలికి రానియ్యలె. కాళ్లరిగేదాక వరండాల తిరిగిన. ఆఖరుకు గుడ్డ కప్పి తెచ్చి ఇచ్చిన్లు. వాడు నడవంగ మళ్ల సూసింది ఆ డబ్బలనే."

"వాడు కాదవ్వా అది. బొమ్మ. ఎర్ర బొమ్మ."

"నాకెరుక లేదా? కింద ఫొటోకు దండేసి పెట్టినం, అది గూడ కాయితమే. పొద్దుగాల లేచి దానికి దండం పెడ్తలేవా నువ్వు?"

సరోజన మోకాళ్ల మీద గడ్డం ఆనించి, తన కాలి మెట్టెలు చూసుకుంటూ ఉంది. వెంకట్రాజం మళ్లీ నోరు తెరిచాడు. అయితే ఈసారి మాట తల్లితో కాదు.

"వాడు బతికున్నప్పుడు గూడ గిదే కథ. పొద్దు గూట్లె పడంగనే గీ తలుపు ఎనక నవ్వులు. నేను దుకాణం మూసి వచ్చేసరికి అన్నం మూతపెట్టి ఉండేది, తినేటోన్ని ఒక్కన్నే. ఇప్పుడు వాడు లేడు. అయినా తలుపు ఎనకనే ఉంటవ్. సందుల ఏమనుకుంటాన్లో ఎరుకేనా నీకు?"

"సందులోల్లు ఏమనుకుంటె నాకేంది," అంది సరోజన. తల ఎత్తింది. గొంతు పెంచలేదు. "నువ్వేమనుకుంటానవ్?"

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేమన్నా అన్ననా?"

"అనలె. వాడు ఉన్నప్పుడు అనలె, పోయినంక అనలె. అందుకే అడుగుతాన్న. అత్తమ్మ ముంగట్నే అడుగుతాన్న. మనసుల ఉన్నది చెప్పు. చెప్తె నేనే పోతా వర్ధన్నపేటకు, మా అవ్వగారింటికి. రిక్షా ఎట్లా ఉండనే ఉన్నది."

వెంకట్రాజం పెదవులు కదిలాయి.

అప్పుడు సందులోంచి కేక వినిపించింది.

"సదానందం. ఏ సదానందం. దొరికింది రా."

రిక్షా చుట్టూ ఉన్న జనం చప్పున మాట ఆపేశారు. లింగమ్మ లేవబోయి లేవలేక మెట్టు అంచు పట్టుకుంది.

"సదానందం, కిందికి రారా. నేనే రావాల్నా పైకి?"

వెంకట్రాజం మెట్లు దిగి వాకిట్లోకి వచ్చాడు. భుజానికి సంచి తగిలించుకుని, ప్రయాణపు దుమ్ముతో, నవ్వుతూ రాజమల్లు నిలబడి ఉన్నాడు. సదానందంతో పదోతరగతి దాకా చదివిన స్నేహితుడు. ఇక్కడ మగ్గాలకు పని తగ్గాక భివండి పోయి పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తున్నాడు. ఆట డబ్బా, వేట క్యాసెట్లు బొంబాయిలో కొని తెచ్చిచ్చింది ఇతనే. చావు కబురు అతనికి ఎవరూ పంపలేదు. ఎవరికివారు ఇంకొకరు పంపి ఉంటారనుకున్నారు.

"అన్నా, మంచిగున్నవా? ఏడి వాడు? గీ జనమేంది, గీ రిక్షా ఎందుకు?"

"లోపలికి రా రాజమల్లూ," అన్నాడు వెంకట్రాజం.

రాజమల్లు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ముందరి అర్రలో గోడకున్న ఫొటో చూశాడు. ఫొటోకున్న దండ చూశాడు. సంచి భుజం మీదినుంచి తీయకుండానే బెంచీ మీద కూర్చుండిపోయాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"వానాకాలంల. కామెర్లు. అందరూ పసరు మందన్నరు, అది తాగించినం. దవాఖానకు పొయ్యేసరికి ఆలస్యమైంది."

"నాకెవ్వలు చెప్పలె అన్నా. నేను వస్తూవస్తూ రైల్ల గూడ వానితోనే మాట్లాడుకుంట వచ్చిన. ఇయ్యంగనే ఏమంటడు, ఎట్ల ఎగురుతడు అని."

సంచిలోంచి పాత దినపత్రికలో చుట్టిన పొట్లం తీశాడు. విప్పితే నల్లటి క్యాసెట్. పైన రాసింది ఏ భాషో ఎవరికీ తెలియదు. మంచుకొండల మధ్య నీళ్లు, నీళ్లలోంచి పైకి లేచిన పొడుగాటి మెడ బొమ్మ.

"వేటలనే మూడో భాగం," అన్నాడు రాజమల్లు. "మొదటిదాంట్ల వాడు పెద్ద ఉడుము అనేటోడు సూడు, అది. రెండోదాంట్ల రెక్కల దున్న. అది సచ్చినంక ఇది కావాలని ఎండాకాలంల వచ్చినప్పుడు నా పానం తీసిండు. బొంబాయిల ప్రతి దుకాణం తిరిగిన. కాని అన్నా, వాడు అడిగినట్టిది దొరకలె. ఇది గూడ ఇద్దరిదే."

"వాడేం అడిగిండు?"

"ముగ్గురు ఆడేది కావాల్నన్నడు. మూడు హ్యాండిళ్లు పెట్టేది."

వెంకట్రాజం అతనివైపు ఓ క్షణం అలాగే చూశాడు. "మూడో మనిషి ఎవలు?"

రాజమల్లు ఆశ్చర్యపోయాడు. "నువ్వే అన్నా. నీకు చెప్పలేదా? మా అన్న దుకాణం మూసి వచ్చి తలుపు కాడ నిలబడతడు అన్నడు. తలుపు సందుల్నుంచి సూస్తడు, నేను ఎనక్కి మలిగి సూస్తె మెట్లు దిగి పోతడు అన్నడు. ఉన్నయే రెండు హ్యాండిళ్లాయె, ఒకటి వదినది, ఒకటి నాది, నిలబడి సూడుమని ఏ ముఖం పెట్టుకొని పిలవాలె అన్నడు."

మెట్లమీద చప్పుడైంది. సరోజన దిగి వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో అతను చూడలేదు.

"నువ్వు తలుపు కాడ నిలబడేటోనివా?" అంది.

"దుకాణంల పొద్దంత నిలబడి కాళ్లు గుంజేటియి," అన్నాడు వెంకట్రాజం. "మెట్లెక్కి జరంతసేపు ఆగేటోన్ని."

కాళ్లు నొచ్చేవాడు మెట్లెక్కి పైకెందుకు వస్తాడని ఎవరూ అడగలేదు.

రాజమల్లు అన్నం తినమంటే తినలేదు. లింగమ్మ కాళ్లకు మొక్కాడు. ఆమె అతని తల నిమురుతూ, "నువ్వు పిలిస్తె వాడే పలుకుతడనుకున్న బిడ్డా," అంది. అతను ఏడుస్తూ సందు మలుపు తిరిగాడు. రిక్షావాడిని లింగమ్మే పొమ్మంది. వెంకట్రాజం ఆ మాట విని కూడా ఊరుకున్నాడు.

ఆరోజు అతను దుకాణం తెరవలేదు.

మాపటిజాముకు సరోజన తల దువ్వుకుని, పొయ్యి ముట్టించి, అన్నం వండి గిన్నెమీద మూత పెట్టింది. తర్వాత బెంచీమీది క్యాసెట్ తీసుకుని పైకి వెళ్లింది. తలుపు మూయలేదు. కొద్దిసేపటికి మెట్లమీద భర్త అడుగులు వినిపించాయి. గడప దగ్గర ఆగాయి.

ఆమె తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే దిగిపోతాడేమోనని భయపడింది.

అతను లోపలికి వచ్చాడు. అర్రను మొదటిసారి చూస్తున్నవాడిలా అటూ ఇటూ చూశాడు. కొక్కేనికి సదానందం గళ్లచొక్కా ఇంకా వేలాడుతోంది. కిటికీలో అతని దువ్వెన ఉంది. వెంకట్రాజం చాపమీద, సరోజనకు కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"ఎర్రది పట్టుకుంటవా?" అంది.

"అది వానిది."

"నిన్ను పిలుద్దామనే అనుకున్నడట గదా."

అతను హ్యాండిల్ తీసుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. సరోజన తిప్పి సరిచేసి పెట్టింది. "గిది నడిచేది. గిది బల్లెం ఇసిరేది. ఆగం కాకు. అది నీళ్లలనుంచి వస్తది కావచ్చు, జర దూరం ఉండు."

తెరమీద మంచు కురుస్తోంది. నల్లటి నీళ్ల ఒడ్డున ఇద్దరు వేటగాళ్లు నిలబడ్డారు. టీవీలోంచి ఒకే స్వరం, బావిలో రాయి వేసినట్టు ఆగి ఆగి వినిపిస్తోంది. వెంకట్రాజం నేరుగా నీళ్లలోకి నడిచాడు. మెడ లేచింది. ఎర్రవాడు పడిపోయాడు.

"ఎందుకు పోయినవ్?"

"ఆగుదామనుకున్న. ఆగలె."

సరోజనకు నవ్వు వచ్చింది. వానాకాలం తర్వాత ఆమె నవ్వడం అతను వినలేదు. "మళ్ల పెడ్తాన్న సూడు," అంది.

రెండోసారి కూడా అలాగే అయింది. మూడోసారి ఎర్రవాడు ఒడ్డునే ఉన్నాడు. బల్లెం ఎత్తలేదు. నీళ్లు కదిలాయి. పొడుగాటి మెడ మంచులోంచి పైకి లేచి, ఇటూ అటూ వెతికి, ఇద్దరివైపూ వంగింది. సరోజన నీలంవాడిని వెనక్కి జరుపుకుంటూ, "ఇసురు, ఇసురు," అంది.

ఎర్రవాడు విసరలేదు. ఉన్నచోటే ఒకసారి గుండ్రంగా తిరిగాడు. బతుకమ్మ ఆడేటప్పుడు ఆడవాళ్లు తిరిగినట్టు ఇంకోసారి తిరిగాడు. అప్పుడు విసిరాడు. బల్లెం కంటిలో దిగింది.

సరోజన చేతులు ఆగిపోయాయి.

అలా తిరగడం వల్ల వేటలో ఏ లాభమూ లేదు. ఉన్న క్షణం పోగొట్టుకోవడమే. సదానందం ఒక్కడే అలా చేసేవాడు, మృత్యువు మీదికి వస్తున్నప్పుడు వదినను నవ్వించడానికి. పిచ్చి పనులు చెయ్యకని ఆమె కసిరేది.

"గది ఎవలు నేర్పిన్లు నీకు?"

"ఏది?"

"గా తిరుగుడు."

వెంకట్రాజం విననట్టే ఉన్నాడు. తలుపు సందులోంచి చూసి నేర్చుకుని ఉంటాడని ఆమె తనకు తాను చెప్పుకుంది. అన్ని సాయంత్రాలు నిలబడ్డ మనిషికి ఆమాత్రం కళ్లకు పట్టదా. కాని ఇందాకే హ్యాండిల్ తలకిందులుగా పట్టుకున్న వేళ్లు ఇప్పుడు తడబడడం లేదు. బొటనవేళ్లు మీట మీద తేలిగ్గా ఆడుతున్నాయి. అతను చాపమీద ముందుకు వంగి, కింది పెదవి ఒక పక్కకు పంటికింద పట్టుకుని ఉన్నాడు. ఈ మూడేళ్లలో భర్త మొహాన ఆ తీరు ఆమె ఎన్నడూ చూడలేదు. మరిది మొహాన రోజూ చూసేది.

గడపలో నీడ పడింది. లింగమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. తెరవంక కాదు, చాపమీద వెనుదిరిగి కూర్చున్న కొడుకు వీపువంక చూస్తోంది. ఎంతసేపటినుంచి ఉందో. ఆమె కళ్లలో బేస్తవారం నాటి భయం లేదు.

"సదానందం," అని పిలిచింది, నెమ్మదిగా, రోజూ అన్నానికి పిలిచే గొంతుతో. "అన్నం చల్లారిపోతాంది బిడ్డా."

నేను రాజంనవ్వా అని అతను అంటాడు. కసురుకుంటాడు. లేదంటే హ్యాండిల్ పడేసి లేచి, మెట్లు దిగి వెళ్లిపోతాడు. వాటిలో ఏదో ఒకటి జరగాలని సరోజన ఎదురుచూసింది.

వెంకట్రాజం తెరమీంచి కళ్లు తిప్పలేదు.

"ఇగో అయిపోతాంది," అన్నాడు. "వస్తాన్ననే అవ్వా."

అచ్చం సదానందం అన్నట్టే ఆ 'నే' సాగిన తీరుకు లింగమ్మ మొహం విచ్చుకుంది. ఏమీ అనకుండా వెనుదిరిగి, గోడ పట్టుకోకుండానే మెట్లు దిగింది. కింద పళ్లెం పెట్టిన చప్పుడైంది. గిన్నె మూత తీసిన చప్పుడైంది.

సరోజన వడ్డించడానికి లేవాలి. లేవలేదు. తల్లి మనసు కష్టపెట్టలేక అన్నావా అని అడగడానికి పక్కకు తిరిగింది. పక్కనున్న మనిషి చెయ్యి మీద చెయ్యి వేయబోయి, ఆ చెయ్యి ఎవరిదో తెలియక, మధ్యలోనే ఆపేసింది.